ఉత్సర్గం, దశబంధం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై ఒక ధర్మవిచారం

ఒకరు రాసిన ప్రోగ్రామును లోకానికంతటికీ ఇచ్చేస్తే ఆ తర్వాత అది ఎవరిది? రాసినవాళ్లకే మిగులుతుందా, తీసుకున్నవాళ్లకు చెందుతుందా, ఎవరిదీ కాకుండా పోతుందా? ఆ ప్రోగ్రామును ఇంట్లోని సొంత కంప్యూటర్‌లో పెట్టుకొని, ఫోటోలూ లెక్కలూ ఉత్తరాలూ ఏ కంపెనీ చేతికీ ఇవ్వకుండా దాచుకున్న మనిషి నిజంగా స్వతంత్రుడేనా? మొదటి ప్రశ్న దానం గురించి, రెండోది కర్తృత్వం గురించి. ఈ రెండింటి మీదా మీమాంసకులు, ధర్మశాస్త్రకారులు, వేదాంతులు కంప్యూటర్ అనే మాట పుట్టక ముందే వందల ఏళ్లు తర్కించారు. కోడుమూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు, ఆదోని ఉన్న కర్నూలు జిల్లా పడమటి భాగానికి ఈ తర్కం కొత్తది కాదు. బాటల పక్క బావులు తవ్వించానని అశోకుడు చెక్కించిన ఎర్రగుడి బండలు పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో ఉన్నాయి. స్వతంత్రం, పరతంత్రం అనే విభాగం మీద నిలిచిన మధ్వ దర్శనానికి పెద్ద పీఠమైన మంత్రాలయం తుంగభద్ర ఒడ్డున ఉంది.

ధర్మశాస్త్రం దానానికి రెండు లక్షణాలు చెబుతుంది. ఇచ్చేవాడి స్వత్వం, అంటే తనదనే హక్కు, తొలగాలి, పుచ్చుకునేవాడి స్వత్వం ఆ వస్తువు మీద ఏర్పడాలి. ఆవును దానమిస్తే ఇచ్చినవాడి కొట్టం ఖాళీ కావాలి. విద్య దగ్గరికి వచ్చేసరికి ఈ లక్షణం పొసగదు. పాఠం చెప్పాక గురువు దగ్గర పాఠం తరిగిపోదు, పైగా చెప్పేకొద్దీ పదునెక్కుతుంది. గోవు, భూమి, విద్య మూడింటినీ అతిదానాలని ఒకే వరుసలో లెక్కపెట్టినా, మూడోదాని స్వభావం వేరని పెద్దలకు తెలుసు. కోడ్ ఈ మూడో జాతిది. ఒక ఫైలును వెయ్యిమందికి పంచినా మొదటి ఫైలు ఉన్నచోటే ఉంటుంది.

అయితే చట్టం దృష్టిలో కోడ్‌కు సొంతదారు ఉంటాడు. భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు సాహిత్య రచనల కిందికి చేరాయి. అంటే ప్రోగ్రాము రాసిన క్షణం నుంచే, ఎక్కడా రిజిస్టరు చేయకపోయినా, రాసినవాళ్లకు హక్కు పుడుతుంది. స్వత్వమనేది శాస్త్రం వల్ల కాక లోకవ్యవహారం వల్లనే తెలుస్తుందని మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానంలో విజ్ఞానేశ్వరుడు తేల్చాడు. ఆ లెక్కన రాజ్యం ఏర్పరచిన ఈ హక్కు కూడా స్వత్వమే. కాకపోతే దాని ఎల్ల ఎక్కడ అన్నది అడగాలి.

ఆ ఎల్లను మీమాంసకులు విశ్వజిత్ యాగం చర్చలో గీశారు. విశ్వజిత్తులో యజమాని సర్వస్వాన్నీ దానం చేయాలి. మరి సర్వస్వంలో ఏమేమి వస్తాయి? తల్లిదండ్రులు ‘నావాళ్లు’ కదా, వాళ్లనూ ఇవ్వవచ్చా? వీల్లేదు, ఆ ‘నా’ సంబంధాన్ని చెబుతుంది, సొత్తును కాదు. మహారాజు భూమండలాన్ని ఇవ్వవచ్చా? అదీ వీల్లేదన్నారు. ఎవరి పొలం వాళ్లకు ఉండవచ్చు గానీ, భూమి అందరికీ సమానంగా చెందినది, ఒకడి సొత్తు కానిదాన్ని ఒకడు ఇవ్వలేడు. భారత పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) దాదాపు ఇదే గీత గీస్తుంది. అల్గారిథమ్‌ను, కేవలం ప్రోగ్రామును పేటెంట్ చేయడానికి వీల్లేదంటుంది. సంఖ్యలను వరస పెట్టే పద్ధతి భూమి లాంటిది. ఆ పద్ధతిని ఒకరు తమ మాటల్లో రాసిన ప్రోగ్రాము పొలం లాంటిది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చర్చ అంతా ఈ పొలం గురించే.

పొలాన్ని ఒక మనిషికి కాక అందరికీ ఇవ్వాలనుకుంటే దానం సరిపోదు, ఎందుకంటే పుచ్చుకునే చేయి ఒక్కటి కాదు. దీనికి ధర్మశాస్త్రం ఉత్సర్గమనే వేరే క్రియను ఏర్పరచింది. యజ్ఞాదులు ఇష్టం, బావి, చెరువు, తోట, గుడి, అన్నసత్రం పూర్తం. చెరువు తవ్వించినవాడు సమస్త ప్రాణులకూ అని సంకల్పించి దాన్ని వదిలిపెడతాడు. అప్పుడు అతని స్వత్వం పోతుంది, కానీ ఫలానా వాడి స్వత్వం అని మరొకటి ఏర్పడదు. వదిలిపెట్టినవాడు మళ్లీ ఆ నీళ్లు తాగవచ్చా అని కూడా చర్చించి, సమస్త ప్రాణుల్లో అతనూ ఒకడు కాబట్టి తాగవచ్చని తేల్చారు. తన సొంత కోడ్‌నే పదిమందిలో ఒకడిగా దిగుమతి చేసుకొని వాడుకునే ప్రోగ్రామర్ స్థితి సరిగ్గా ఇదే. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 21 రచయిత తన హక్కులను వదులుకోవడానికి దారి చూపిస్తుంది. 2012 సవరణ తర్వాత దానికి బహిరంగ ప్రకటన కూడా చాలు. ఉత్సర్గానికి ఇంత దగ్గరి ఆధునిక రూపం మన చట్టంలో మరొకటి కనిపించదు. తెలుగువాళ్ల సప్తసంతానాల జాబితాలో తటాకం, కృతి రెండూ ఉన్నాయి. ఆ రెంటి గుణాలూ ఒక్కచోట కలిసిన వస్తువు కోడ్. రాసేటప్పుడు అది కృతి, వాడేటప్పుడు చెరువు.

అందరికీ వదిలిన బావుల మాట ఎర్రగుడి బండల మీదా ఉంది. అక్కడ అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి ఆ వరుసలో రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికల పెంపకం, బాటల వెంట బావులు, చెట్ల గురించి చెబుతుంది. ఈ మేలు తన రాజ్యానికే పరిమితం కాదనీ, చోళ, పాండ్య దేశాలకూ, పడమటి యవన రాజ్యాలకూ చేరిందనీ అంటుంది. ఇదే వాచకం గిర్నార్‌లోనూ, కాల్సీలోనూ ఉంది. వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ఉంది. పద్నాలుగో శాసనం మరీ ముచ్చటైనది. కొన్నిచోట్ల క్లుప్తంగా, కొన్నిచోట్ల విస్తారంగా చెక్కారనీ, చెక్కినవాడి పొరపాటు వల్ల కొన్ని అసంపూర్ణంగా ఉండవచ్చనీ రాజు తానే ఒప్పుకుంటాడు. చోటును బట్టి ప్రతులు మారతాయనీ, ప్రతుల్లో తప్పులు ఉంటాయనీ బండ మీదే రాయించిన నిజాయితీ అది. ప్రతి విడుదలతో పాటు తెలిసిన లోపాల పట్టిక పెట్టే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఈ మర్యాదనే పాటిస్తున్నాయి.

ఉత్సర్గంలో ఒక చిక్కు ఉంది. వదిలిపెట్టినదాన్ని మరొకడు కంచె వేసుకుంటే అడ్డుకునేదెవరు? అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్‌ను కలచివేసినది ఇలాంటి కంచే. 1980 ప్రాంతంలో అక్కడికొచ్చిన లేజర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు చెప్పేలా ప్రోగ్రాము మార్చాలనుకున్నాడు. దాని సోర్స్ కోడ్ అతనికి దక్కలేదు. 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జి.పి.ఎల్. లైసెన్సు వచ్చాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ మరుసటి ఏడాది ఆ లైసెన్సు కిందికే చేరింది.

జి.పి.ఎల్. చేసే పని ఉత్సర్గం కాదు. రచయిత తన స్వత్వాన్ని వదలడు. దాన్ని చేతిలో ఉంచుకొనే అందరికీ అనుమతి ఇస్తాడు: నడుపుకోండి, చదవండి, మార్చండి, పంచండి. మార్చినా మార్చకపోయినా, పంచితే మాత్రం ఈ అనుమతులన్నీ తీసుకున్నవాళ్లకూ ఇవ్వాలి, సోర్స్ దాచకూడదు. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. లైసెన్సులు ఈ షరతు పెట్టవు, పేరు చెరపకుండా ఉంచితే చాలంటాయి. షరతుతో ఇచ్చినది దానమెలా అవుతుందని ఆ పక్షం వాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రతిఫలం ఆశించి ఇచ్చినదాన్ని శాస్త్రం కూడా తక్కువగానే చూస్తుంది.

జవాబు తెలుగునేల దానశాసనాల చివర ఉంది. రాగిరేకు కానివ్వండి, రాతిబండ కానివ్వండి, ఎల్లలు, సాక్షులు అయ్యాక శాపశ్లోకాలు వస్తాయి. తానిచ్చినదైనా, ఇతరులిచ్చినదైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం తెలియని ఊరుండదు. దాత ఆ షరతుతో తనకేమీ అట్టిపెట్టుకోవడం లేదు. ఫలం తన ఇంటికి తిరిగొచ్చే షరతు ఒకటి, ఫలం అందరికీ అందుతూ ఉండాలన్న షరతు మరొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. జి.పి.ఎల్. రెండో రకం. శాపానికి బదులు దానికి న్యాయస్థానం ఉంది.

ఆ షరతు పనిచేసిన తీరు సెల్ఫ్ హోస్టింగ్, అంటే సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా నడపడం, చేసేవాళ్లకు బాగా తెలిసిన ఒక ఉదాహరణలో చూడవచ్చు. ఇంట్లోని సినిమాలను, పాటలను టీవీకి, ఫోనుకు అందించే ఎంబీ అనే సర్వర్ ప్రోగ్రాము కోడ్ జి.పి.ఎల్. కింద ఉండేది. 2018 చివర దాని తర్వాతి రూపాన్ని మూసేయాలని నిర్ణయించారు. ఆ డిసెంబరులోనే కొందరు వాలంటీర్లు తెరిచి ఉన్న చివరి కోడ్‌ను తీసుకొని జెల్లీఫిన్ పేరుతో కొనసాగించారు. కొత్తగా రాసేది మూయగలిగారు గానీ, అప్పటికే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు.

ఆదోనికి ఇలాంటి ఆలోచన మరో దారిలోనూ తెలుసు. అక్కడి జామియా మసీదును కట్టించినవాడిగా సిద్ది మసూద్‌ఖాన్ పేరు చెబుతారు. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చినవాడూ అతనేనని మఠ సంప్రదాయం. మసీదుల లాంటివాటి వెనుక ఉండే ఏర్పాటు వక్ఫ్. ఇస్లామిక్ ధర్మంలో వక్ఫ్ చేసిన, అంటే ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేసిన, ఆస్తిని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసత్వంగా పంచుకోకూడదు. దాన్ని చూసుకునే ముతవల్లీ నిర్వాహకుడే తప్ప యజమాని కాడు. ఎవరి స్వత్వమూ కానిది ఎవరి నిర్లక్ష్యానికీ బలికాకుండా చూసే మనిషి ఉండాలని వక్ఫ్ మొదటే గుర్తించింది. తేడా ఒక్కటే: వాకిఫ్, అంటే వక్ఫ్ చేసినవాడు, పెట్టిన షరతును తర్వాతివాళ్లు సులభంగా మార్చలేరు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మార్చుకునే హక్కే ప్రాణం.

తెలుగు విషయంలో ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ధర్మం ఏం చేసిందో కళ్లముందే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల అర కేటాయించారు. అయినా చాలా ఏళ్లు పత్రికలు, డీటీపీ సెంటర్లు తమ తమ ఫాంట్ల సంకేతాలతోనే నడిచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు వ్యాసం పిచ్చి గీతల్లా కనబడేది. అక్షరాలు జాతివి, వాటిని చూపించే సంకేతం మాత్రం ప్రైవేటు సొత్తు. మీమాంసకుల మాటల్లో చెప్పాలంటే, పొలం పేరుతో భూమినే కట్టేసిన స్థితి. తిరుమల కృష్ణదేశికాచారి పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను తయారుచేసి ఉచితంగా అందించారు. వెన్న నాగార్జున రాసిన పద్మ అనే పొడిగింపు ఆ పాత సంకేతాల పేజీలను బ్రౌజర్‌లోనే యూనికోడ్‌లోకి మార్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవాడూ ఆయనే. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్ కోసం పనిచేస్తూ, కాలేజీ పిల్లలను ఈ ఉద్యమంలోకి తెచ్చింది.

సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లను దగ్గరగా చూస్తే లైసెన్సు ధర్మం ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, పెద్దన, తిమ్మన లాంటి పేర్లతో ఉన్న అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఆ లైసెన్సు ప్రకారం ఫాంటును పుస్తకానికీ, పెళ్లిపత్రికకూ, సినిమా పోస్టరుకూ ఎంతైనా వాడుకోవచ్చు, ఒత్తు ఆకారం నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా, ఒక్కదాన్నే పెట్టి అమ్మకూడదు. మార్చినదాన్ని అదే లైసెన్సుతోనే పంచాలి. మూలకర్త ఫాంటు పేరును తనకే ప్రత్యేకించుకొని ఉంటే, మార్చిన ఫాంటుకు ఆ పేరు పెట్టకూడదు. నీళ్లు అందరివి, చెరువుకున్న పేరు మాత్రం తవ్వినవాడిది అన్న పాత మర్యాద ఇక్కడ చట్టభాషలో కనిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న: సొంత కంప్యూటర్‌లో అన్నీ దాచుకున్న మనిషి స్వతంత్రుడేనా? కోడుమూరులో ఒక ఇంట్లో పాత లాప్‌టాప్ మీద డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను ఎక్కించి, నెక్స్ట్‌క్లౌడ్ అనే ఫైళ్ల సర్వర్ ప్రోగ్రాములో ఇంటిల్లిపాది ఫోటోలూ కాగితాలూ పెట్టుకున్నారనుకుందాం. నెలసరి అద్దె లేదు, ప్రకటనలు లేవు, ఖాతా మూసేస్తామనే బెదిరింపు లేదు. పరవశమైనదంతా దుఃఖం, ఆత్మవశమైనదంతా సుఖం అన్న స్మృతివాక్య భావం నిజమైనట్టే ఉంటుంది. కానీ కరెంటు పోతే ఇన్వర్టర్ ఆగేదాకానే సర్వర్ నడుస్తుంది. చాలా ఇళ్ల కనెక్షన్లకు విడి ఐపీ చిరునామా ఉండదు. కేరియర్ గ్రేడ్ నాట్ కింద వందల ఇళ్లు ఒకే చిరునామా పంచుకుంటాయి, కాబట్టి బయటినుంచి ఆ సర్వర్‌ను చేరాలంటే కొత్త తరం చిరునామా విధానమైన ఐపీవీ6 ఉండాలి, లేదా మరోచోట అద్దె సర్వర్ పెట్టి వైర్‌గార్డ్ అనే సాధనంతో సొరంగం తవ్వాలి. డొమైన్ పేరు ఏటేటా అద్దెకు తీసుకున్నదే. భద్రతా సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగానే ఇస్తుంది, కానీ గడువు తీరిన ప్రతిసారీ దాన్నే మళ్లీ అడగాలి. వైఫై చిప్పులోని ఫర్మ్‌వేర్‌లో ఏముందో ఇంటివాళ్లకు తెలియదు. స్వేచ్ఛ విషయంలో పట్టుదలకు పేరుపడ్డ డెబియన్ ప్రాజెక్టే 2022లో ఓటు పెట్టుకొని, మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చడానికి ఒప్పుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అది అమలైంది.

అంటే స్వతంత్రం భ్రమేనా? మధ్వాచార్యులు తత్త్వాన్ని రెండుగా విభజించారు: స్వతంత్రం, అస్వతంత్రం. స్వతంత్రుడు విష్ణువు ఒక్కడే. జీవుడు, జడం అన్నీ పరతంత్రాలే. ఇంతటితో ఆగితే జీవుడు కీలుబొమ్మ అవుతాడు. మధ్వ సంప్రదాయం అక్కడ ఆగదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో జీవుడు కర్తేనని మొదట స్థాపించి, ఆ కర్తృత్వం పరాధీనమని తర్వాత చెబుతుంది. కర్త కాకపోతే విధి, నిషేధం చెప్పడానికి అర్థమే లేదు, చేయమనీ వద్దనీ ఎవరికి చెబుతారు? పరాధీనమైనంత మాత్రాన కర్తృత్వం అబద్ధం కాదు. పారతంత్ర్యం నిజం, కర్తృత్వమూ నిజం.

సెల్ఫ్ హోస్టింగ్‌కు సరిపోయే సిద్ధాంతం ఇదే. ఇంటి సర్వర్ ఎవరినీ స్వతంత్రుణ్ణి చేయదు, అలా ప్రచారం చేయడం అతిశయోక్తి. అది మనిషిని కర్తగా చేస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరు చూడగలరో, ఎప్పుడు చెరపాలో నిర్ణయించేది ఇంటివాళ్లే. కరెంటు సంస్థ మీద ఆధారపడటం వేరు, తన ఫోటోల పెట్టె తాళం చెవి మరొకరి చేతిలో ఉండటం వేరు. మొదటిది లోకంలో బతికేవాడికి తప్పనిసరి. రెండోదాంట్లో మనిషి తన వస్తువు మీద తానే కర్త కాకుండా పోతాడు. ఆ మేరకు బాధ్యత కూడా మీద పడుతుంది. బ్యాకప్ తీయకుండా డిస్కు పాడైతే నింద వేయడానికి ఇంకెవరూ ఉండరు.

బాధ్యత మాట వచ్చింది కాబట్టి చెరువు దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే ఈ విచారంలో అసలు బరువంతా అక్కడే ఉంది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు సాధనాలను, వదిలించుకోవాల్సిన ఆరు దోషాలను వరసపెట్టి చెబుతుంది. గట్టు నుంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దు ఆ దోషాల్లోవి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. అంత చేసి ఉత్సర్గం చేసిన చెరువు కూడా పూడిక తీయకపోతే, తూము బాగుచేయకపోతే కొన్నేళ్లలో గడ్డిమైదానమవుతుంది. సీమలో దీనికి దశబంధమనే ఏర్పాటు ఉండేది. చెరువును కట్టి బాగుచేస్తూ ఉండేవాడికి భూమినో, ఆదాయంలో ఒక వంతునో ఇనాముగా విడిచేవారు. కడప, బళ్లారి, కర్నూలు ప్రాంతాల్లో దశబంధం ఇనాములు చాలా ఉండేవి. ఉత్సర్గం పుణ్యమైతే, దశబంధం ఆ పుణ్యాన్ని నిలబెట్టే జీతం. దానశాసనాల్లో శాపం పక్కనే ఇంకో మాట కూడా ఉంటుంది: తానిచ్చినదానికంటే ఇతరులిచ్చినదాన్ని కాపాడితే రెండింతల పుణ్యం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం ఉత్సర్గాన్ని నేర్చుకుంది, దశబంధాన్ని మరిచింది. ఇంటర్నెట్‌లో సగానికి పైగా తాళాలకు ఆధారమైన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడేనాటికి, దాని మీద పూర్తికాలం పనిచేసేవాళ్లు దాదాపు ఒక్కరే, ఏటా వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఆ చెరువు నీళ్లే తాగుతున్నాయి, గట్టు చూసేవాడు లేడు. 2024 మార్చిలో ఇంకా భయపెట్టే సంగతి జరిగింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనాన్ని అప్పటికి ఏళ్లుగా ఒక్క వాలంటీరే చూస్తూ వచ్చాడు. అలసిపోయిన ఆయనకు సాయం చేస్తానంటూ వచ్చిన ఒక మారుపేరు మనిషి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 రూపాల్లో దొంగదారి పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించబట్టి ఆ దొంగదారి విస్తారంగా పాకకముందే దొరికింది. సోర్స్ తెరిచి ఉండటం వల్లే ఆయన చూడగలిగాడు. తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు చూస్తారనుకోవడం మాత్రం అబద్ధమని కూడా అదే రుజువు చేసింది.

దశబంధం లాంటివి ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్‌ను నెలకొల్పింది. బెంగళూరుకు చెందిన జీరోధా 2024లో ఏటా పది లక్షల డాలర్లతో ఫ్లాస్ ఫండ్‌ను ప్రకటించింది. భారత ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ వాడకానికి విధానం ప్రకటించింది, కానీ వాడటానికి విధానం ఉండటం, కాపాడటానికి బడ్జెట్ ఉండటం ఒకటి కాదు. తెలుగు ఫాంట్లకు, స్పెల్ చెకర్లకు, అనువాదాలకు రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్లలో ఏటా ఒక నిలకడైన పద్దు ఉండాలి.

ప్రభుత్వాలు చేసేదాకా వాడేవాళ్లు ఊరుకోనక్కర్లేదు. ఇంట్లో సర్వర్ నడిపేవాళ్లు అద్దె కట్టనక్కర్లేక మిగిలిన డబ్బులో పదోవంతును తాము వాడే ప్రాజెక్టుకు పంపవచ్చు. డబ్బు లేని విద్యార్థి కూడా ఫాంటులో ఏ ఒత్తు చెదురుతోందో స్క్రీన్‌షాట్ తీసి లోపం నమోదు చేయవచ్చు, మెనూలో తెలుగు చేయని పది మాటలను అనువదించి పంపవచ్చు. అప్‌డేట్ చేయకుండా వదిలేసిన సొంత సర్వర్‌ను ముందు బాగుచేసుకొని, ఎవరైనా ఈ సాయాన్ని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.